ఖాళీ గడి ఖరీదెంత?

కంప్యూటర్ పట్టికలో కొత్త కాలమ్ చేర్చడానికి పట్టేది రెప్పపాటు. దాన్ని నింపాలంటే మాత్రం ఊరూరా తిరగాలి. ఒక్క గడి తప్పు పడితే ఎకరం చేతులు మారుతుంది, ఖాళీగా ఉంటే రావాల్సిన డబ్బు ఆగిపోతుంది. మంచిర్యాల జిల్లాలో ఏ ఊరి భూమి రికార్డు తెరిచినా ఈ కథే!

2016 అక్టోబరు 11. దసరా. జనం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్‌బలయ్ ఇచ్చుకుంటున్న ఆ రోజే మంచిర్యాల జిల్లా కేంద్రమైంది. తెలంగాణలో అప్పటిదాకా ఉన్న 10 జిల్లాలు 31 అయ్యాయి. పెద్ద ఆదిలాబాద్ కాస్తా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అంటూ నాలుగైంది. భీమారం, హాజీపూర్, నస్పూర్ లాంటి ఊళ్లు మండల కేంద్రాలయ్యాయి. కలెక్టరును కలవాలంటే సుమారు 150 కిలోమీటర్లు బస్సులో కూర్చోవాల్సిన బాధ తప్పిందని జనం సంబరపడ్డారు.

బోర్డులు మార్చడం తేలికే. పెయింటరు వస్తే ఒక పూట పని. అసలు పని కంప్యూటర్లలో మొదలైంది. రేషన్ కార్డులు, పింఛన్లు, భూముల ఖాతాలు, బండ్ల రిజిస్ట్రేషన్లు... ప్రతి పట్టికలోనూ 'జిల్లా' అనే కాలమ్ ఉంటుంది. అందులో లక్షల వరసల్లో 'ఆదిలాబాద్' అని రాసి ఉంది. వాటిలో ఏవి ఆదిలాబాద్‌గానే ఉండాలి, ఏవి మంచిర్యాల కావాలి?

పాతది చెరిపేసి కొత్తది రాసేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. మంచిర్యాల బస్టాండు ముందు పది నిమిషాలు నిలబడితే ఎందుకో అర్థమవుతుంది. ఒక బండి మీద ఏపీ 01 ఉంటుంది. పక్క బండి మీద టీఎస్ 01. ఇంకోదాని మీద టీఎస్ 19. 2024 మార్చి తర్వాత కొన్న బండి మీద టీజీ 19. నాలుగు బండ్లూ ఒకే వాడలోవి కావచ్చు. నాలుగు నంబర్లూ వాటి వాటి కాలానికి నిజమే. 2005లో రిజిస్టరైన భూమి దస్తావేజులో 'ఆదిలాబాద్ జిల్లా' అని ఉంటే దాన్ని ఇప్పుడు దిద్దడానికి వీల్లేదు. అందుకే తెలిసిన గుమాస్తా పాతది చెరపడు. పక్కన ఇంకో కాలమ్ గీస్తాడు... 'ఎప్పటి నుంచి' అని.

కంప్యూటర్ల పుణ్యాన ఇది కొత్త సమస్యలా కనిపిస్తోంది కానీ, ఈ ప్రాంతానికి కాలమ్‌ల గొడవ కొత్తదేం కాదు.

పహాణీ అంటే చూడటమే!

మరాఠీలో 'పాహణీ' అంటే చూడటం, తనిఖీ చేయడం. మన పహాణీ అక్కడి నుంచి వచ్చిందే. పట్వారీ చేనుకు వెళ్లి, ఎవరు దున్నుతున్నారో, ఏం పంట వేశారో, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి రాయాలి. అదీ దాని అసలు ఉద్దేశం. కంప్యూటర్ వాళ్లు ఇప్పుడు 'డేటాబేస్ టేబుల్' అంటున్నది సరిగ్గా ఇదే. అడ్డంగా ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో వరస. నిలువునా కాలమ్‌లు... విస్తీర్ణం, సాగుకు పనికొచ్చేది, రానిది, శిస్తు, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, అనుభవం ఎలా వచ్చింది, పంట, నీటి వనరు... అన్నీ కలిపి ముప్ఫైకి పైనే.

ఇందులో రెండు కాలమ్‌లకు పక్కపక్కనే చోటున్నా పొత్తు మాత్రం కుదరదు. ఒకటి పట్టాదారు. అంటే భూమి ఎవరిది? రెండోది అనుభవదారు. అంటే ఈ ఏడు ఎవరు దున్నుతున్నారు? దీన్నే పల్లెల్లో కాస్తు కాలమ్ అంటారు. కాస్తు అంటే సాగు, పారసీ మాట. పట్టా కాలమ్ తరానికోసారి మారితే గొప్ప. కాస్తు కాలమ్‌ను ఏటా కొత్తగా చూసి నింపాలి. చేను దాకా వెళ్లే ఓపిక లేనప్పుడు ఏం చేస్తారు? నిరుటి పేరే ఈ ఏడూ దింపేస్తారు! అలా దింపిన పేరు పన్నెండేళ్లు నడిచిందంటే కోర్టులో దానికి విలువొచ్చేస్తుంది.

మరి ముందుగా ఆలోచించని విషయం ఏదైనా వస్తే ఎక్కడ రాసేవారు? ప్రతి పట్టిక చివరా ఒక 'రిమార్కులు' కాలమ్ ఉంటుంది కదా, అందులో. ఫారం గీసినవారు మర్చిపోయినవన్నీ చేరేది అక్కడికే. ఇనాం భూమి, అప్పుకు తాకట్టు పడ్డది, కోర్టు కేసు, అన్నదమ్ముల పాలు... అన్నీ ఆ వేలెడంత జాగాలోనే, ఎర్ర సిరాతో. పాత పహాణీ చదవడం తెలిసినవారు మొదట చూసేది కూడా ఆ చివరి కాలమ్‌నే.

తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీకి ఇప్పటికీ అంత పట్టింపు ఉండటానికి కారణం అదే. హైదరాబాద్ రాష్ట్రంలో ఊరూరా భూమి ఎవరిది, సాగు ఎవరిది అని కలిపి చూసి రాసిన రికార్డు అది. ఏ తగాదా వచ్చినా 'ఖాస్రాలో ఎవరి పేరుంది?' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

అంతకు కొద్ది ముందే ఇంకో పేరు రికార్డులోకి ఎక్కింది... రక్షిత కౌలుదారు. 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద దున్నుకుంటున్న కౌలుదార్ల పేర్లు రాసి ప్రత్యేకంగా రిజిస్టరు తయారుచేశారు. ఆ రిజిస్టరులో పేరున్న చాలామందికి తర్వాత అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద యాజమాన్య హక్కు సర్టిఫికెట్లు దక్కాయి. పేరు రాయించుకోలేకపోయినవాళ్లకు దక్కలేదు. కాగితం మీద గీసిన గడి ఏం చేయగలదో ఇక్కడి ఆసామికీ తెలుసు, కౌలుదారుకీ తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి కథంతా దీని నీడలోనే నడుస్తుంది.

ఒక్క వాక్యం చాలు... కానీ!

కాగితం రోజుల్లో కొత్త కాలమ్ కావాలంటే ఫారం మళ్లీ అచ్చు వేయించాలి. కంప్యూటర్లో అలా కాదు. 'ఆల్టర్ టేబుల్' అని మొదలయ్యే ఒక్క వాక్యం రాస్తే చాలు. కొన్నేళ్ల క్రితం వరకు పెద్ద పట్టికలతో ఒక ఇబ్బంది ఉండేది. కొత్త కాలమ్‌తో పాటు 'అన్ని వరసల్లో ఫలానా విలువ పెట్టు' అంటే కంప్యూటర్ మొత్తం పట్టికను తిరగరాసేది. ఆ సేపు మిగతా పనులన్నీ నిలిచిపోయేవి. ఆఫీసుల్లో 'సర్వర్ డౌన్' అన్న మాట వెనక ఇలాంటి కారణాలూ ఉండేవి. 2018లో పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే పేరున్న డేటాబేస్‌లు రెండూ ఈ తిప్పలు తగ్గించాయి. కోట్ల వరసలున్నా ఇప్పుడు కాలమ్ చిటికెలో చేరిపోతుంది.

చేరుతుంది... ఖాళీగా!

ఆ ఖాళీని కంప్యూటర్ భాషలో 'నల్' అంటారు. సున్నా కాదు. 'లేదు' కూడా కాదు. 'తెలియదు' అని. ఈ మూడింటికీ తేడా తెలియకపోతే ఎంత ప్రమాదమో చూడండి. భూముల పట్టికలో 'కౌలు' అని కొత్త కాలమ్ చేర్చారనుకుందాం. పాత వరసలన్నింట్లోనూ అది ఖాళీ. 'కౌలు ఉన్నది అని రాసినవి చూపించు' అంటే ఖాళీగా ఉన్నవి రావు. సహజమే కదా! సరే, తిరగేసి 'కౌలు ఉన్నది అని కానివి చూపించు' అంటే? అప్పుడూ రావు! ఉన్నదో లేదో తెలియనిదాన్ని కంప్యూటర్ ఏ వైపూ నిలబెట్టదు. ఉన్నవాళ్ల జాబితాలో లేరు, లేనివాళ్ల జాబితాలోనూ లేరు. రెండు జాబితాలూ కూడి 'మొత్తం రైతులు ఇంతమంది' అని పైకి పంపే అధికారికి ఆ ఖాళీ గడుల వాళ్లు అసలు కనిపించరు.

ఈ బాధ లేకుండా అందరికీ ముందే ఏదో ఒక విలువ పెట్టేస్తే? అదీ చేస్తారు. 'డీఫాల్ట్' అంటారు. కౌలు కాలమ్‌లో అందరికీ 'లేదు' అని నింపేశారనుకోండి. పట్టిక నిండుగా, ముచ్చటగా కనిపిస్తుంది. అడిగి రాసిన 'లేదు' ఏదో, అడక్కుండా పడ్డ 'లేదు' ఏదో ఆ తర్వాత దేవుడికి కూడా తెలియదు. ఖాళీ గడి కనీసం తనకు తెలియదని ఒప్పుకుంటుంది!

1.20 అంటే ఎంత?

2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. రెవెన్యూ సిబ్బంది ఊరూరా తిరిగి ఖాతాలు సరిచూశారు. తగాదా లేని భూములు పార్ట్ ఎ, తగాదా ఉన్నవి పార్ట్ బి అని విడదీశారు. దాంతో పాటే ప్రతి ఖాతాకూ ఆధార్ నంబరు సేకరించారు. అంటే తరాలుగా నడుస్తున్న పట్టికకు ఒక కొత్త కాలమ్ చేర్చి, రాష్ట్రం మొత్తం మీద నెలల్లో నింపే పని. ఇంత పెద్ద ఎత్తున, ఇంత హడావుడిగా అలాంటి పని అంతకు ముందు జరగలేదనే చెప్పాలి.

ఆధార్ నంబర్లు రేషన్ కార్డుల పట్టికలో ఉన్నాయి కదా, అక్కడి నుంచి తీసుకుంటే పోలేదా? ఇలాంటి ఆలోచన ఎవరికైనా వస్తుంది. కంప్యూటర్లో అదీ తేలికే. ఒక పట్టికలోని వరసను ఇంకో పట్టికలోని వరసతో జోడించి, అక్కడి విలువ ఇక్కడ వేయమంటే వేస్తుంది. కాకపోతే రెండింటినీ కలిపే తాళంచెవి ఒకటుండాలి. భూమి పట్టికలో రేషన్ కార్డు నంబరు ఉండదు. రేషన్ పట్టికలో ఖాతా నంబరు ఉండదు. మిగిలింది పేరు.

పేర్లతో కలపడమంటే తెలుసుగా! పహాణీలో లచ్చయ్య. ఆధార్‌లో లక్ష్మయ్య. బ్యాంకులో ఇంటిపేరు పొట్టి అక్షరంతో ఎల్.లక్ష్మయ్య. ఊళ్లో అందరికీ లచ్చన్న. మనకు ఒక్కడే మనిషి, కంప్యూటర్‌కు నలుగురు. దీనికి తిరగబడ్డ చిక్కూ ఉంది. ఒకే ఊళ్లో 'మల్లయ్య, తండ్రి రాజయ్య' అని ఇద్దరుంటే? ఇక్కడి ఊళ్లలో రాజయ్యలు, పోశాలు, మల్లయ్యలు ఎంతమందో లెక్కే లేదు. ఆ ఇద్దరినీ కంప్యూటర్ ఒక్కడే అనుకుంటుంది, లేదా ఒక్క భూమిని రెండు వరసలు చేస్తుంది. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు నింపే ముందు వరసలు లెక్కబెడతారు, నింపిన తర్వాత మళ్లీ లెక్కబెడతారు. 300 ఉండాల్సిన చోట 301 వచ్చిందంటే ఎక్కడో ఒక మల్లయ్య రెండుసార్లు పుట్టాడన్నమాట.

సర్వే నంబర్లతో ఇంకో తంటా. 123/అ వేరు, 123/ఆ వేరు. చేతిరాతలో దీర్ఘం సరిగ్గా పడకపోతే అన్న చెలక తమ్ముడిదవుతుంది. ఒకచోట తెలుగు 'ఎ', ఇంకోచోట ఇంగ్లిషు 'ఎ' కొట్టినా కంప్యూటర్ లెక్కలో అవి రెండు వేర్వేరు భూములే.

ఇక విస్తీర్ణం. మన దగ్గర 1.20 అని రాస్తే ఒక ఎకరం ఇరవై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అది ఎకరంన్నర. కంప్యూటర్‌కు ఆ చుక్క దశాంశ బిందువు. అది చదివేది ఒకటీ పాయింట్ రెండు. ఇద్దరు అన్నదమ్ములకు 1.20 చొప్పున ఉంటే మన లెక్కన మూడెకరాలు. మామూలు కూడికలో 2.40. ఎకరానికింత అని డబ్బులిచ్చే పథకానికి ఈ కాలమ్‌ను వాడుకోవాలంటే ముందు గుంటల్ని వేరే కాలమ్‌లోకి తీయాలి. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి వంద సెంట్లు కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు. చుక్క ఒకటే. అర్థం మాత్రం నదికి ఇవతల ఒకటి, అవతల ఒకటి!

ఆధార్ ఇవ్వాల్సిన పట్టాదారు దుబాయ్‌లోనో, భివండీలోనో ఉంటే? ఉత్తర తెలంగాణలో ఇది ఏ ఊళ్లోనైనా ఎదురయ్యే సంగతే. కాలం చేసి, ఫౌతీ ఇంకా కాకపోతే? పోయినవారికి ఆధార్ ఎక్కడి నుంచి తెస్తారు? ఇలాంటి ఖాతాల గడులు ఖాళీగా మిగిలాయి. చాలాచోట్ల వాళ్ల పాసుపుస్తకాలూ ఆగాయి.

జనవరి 1న పుట్టినోళ్లు

2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. సీజనుకు ఎకరానికి 4 వేల రూపాయలు. మొదటిసారి ఆ డబ్బు ఇచ్చింది చెక్కుల రూపంలో. చెక్కు రాయడానికి పేరు చాలు. ఖాతాలో వేయాలంటే ఇంకో కాలమ్ కావాలి కదా... బ్యాంకు ఖాతా నంబరు! ఆ ఏడాది చివర్లో శాసనసభ ఎన్నికలొచ్చాయి. చెక్కుల పంపిణీ కుదరదు, ఖాతాల్లో వేసుకోవచ్చని ఎన్నికల సంఘం చెప్పింది. వ్యవసాయ విస్తరణ అధికారులు రైతుల ఇళ్ల చుట్టూ తిరిగి ఖాతా నంబర్లు రాసుకున్నారు.

ఈ నంబర్లు కూడా మాట వినే రకం కాదు. ఆ కాలమ్‌ను 'అంకె' అని నిర్ణయిస్తే మొదట్లో ఉన్న సున్నాలు మాయం. ఎక్సెల్ షీటు 15 అంకెల దాకానే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది. కొన్ని బ్యాంకుల ఖాతా నంబరుకు 16 అంకెలు. ఆ చివరి అంకె ఎక్సెల్లో సున్నా అయిపోతుంది. టైపు చేసిన కుర్రాడి తప్పు ఏమీ లేదు. అతను సరిగ్గానే కొట్టాడు! ఖాతా నంబరుతో కూడికలు, తీసివేతలు ఎవరూ చేయరు కాబట్టి దాన్ని అంకెగా కాదు, అక్షరాలుగా దాచాలి. కంప్యూటర్ కోర్సుల్లో మొదటి వారం చెప్పే పాఠం ఇది. మొదటి నెలలో మర్చిపోయేది కూడా ఇదే.

అదే ఏడాది ఆగస్టులో రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు. భూమి పట్టికకు మళ్లీ కొత్త కాలమ్‌లు... పుట్టిన తేదీ, నామినీ పేరు. పుట్టిన తేదీని ఆధార్ నుంచి తీసుకున్నారు. ఇక్కడే ఉంది అసలు మెలిక. పల్లెల్లో పెద్దవాళ్లకు పుట్టిన తేదీ ఎవరికి గుర్తు? 'రజాకార్ల గొడవప్పుడు మా అమ్మ కడుపులో ఉన్న', 'ఫలానా కరువులో పుట్టిన' అని చెబుతారు. ఆధార్ రాసిన కుర్రాడు ముఖం చూసి ఓ వయసు అనుకుంటాడు. తేదీ లేకపోతే తెర ముందుకు కదలదు కాబట్టి జనవరి 1 పడుతుంది. దేశంలో లక్షల మంది జనవరి ఒకటినే పుట్టడానికి కారణం ఇది! పండగలా నవ్వుకోవాల్సిన సంగతే కానీ, దాని మీద బీమా ఆధారపడితే నవ్వు రాదు. అసలు వయసు 57, ఆధార్‌లో 60 ఉందనుకోండి. ఆ ఇంటికి 5 లక్షలు రావు. ఎక్కడో ఎప్పుడో ఖాళీ ఉంచడానికి వీల్లేక పడ్డ అంకె, ఏళ్ల తర్వాత ఇంకో పట్టికలోకి నిజంలా నడిచి వచ్చింది.

కాస్తు కాలమ్ మాయం

కొత్తవి చేరుతుంటే పాతది ఒకటి పోయింది. 2020లో వీఆర్వోల వ్యవస్థ రద్దయింది. కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. అందులో పట్టాదారు ఉన్నాడు. అనుభవదారు లేడు.

అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణం కొట్టిపారేయదగింది కాదు. కాస్తు కాలమ్‌లో పేరు రాయడం, తీసేయడం కింది సిబ్బంది చేతిలో ఉండేది. అందులో లంచాలు నడిచేవి, తగాదాలు పుట్టేవి. పట్నంలో ఉద్యోగం చేసుకునే పట్టాదారుకు తెలియకుండా ఊళ్లో ఇంకొకరి పేరు ఎక్కేది. ఆ కాలమే లేకపోతే ఆ గొడవే ఉండదు కదా... ఇదీ వాదన. రిజిస్ట్రేషన్లు ఒక్క పూటలో అయిపోతున్నాయని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

గొడవ లేకపోవచ్చు. దున్నేవాడు మాత్రం ఉన్నాడుగా! సాదాబైనామా మీద, అంటే తెల్లకాగితం మీద భూమి కొనుక్కుని ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్నవాళ్లకు రికార్డులో ఉన్న ఏకైక ఆనవాలు ఆ కాస్తు కాలమే. 2020 అక్టోబరు, నవంబరుల్లో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు వచ్చిన దరఖాస్తులు సుమారు 9 లక్షలు. అవి ఏళ్లకేళ్లు పెండింగులోనే ఉన్నాయి. ఈ అంకె చూస్తే ఆ ఒక్క కాలమ్ ఎంతమందిని మోసిందో తెలుస్తుంది.

ఇక కౌలు రైతు. చెన్నూరు, కోటపల్లి మండలాల్లో గోదావరి, ప్రాణహిత ఒడ్డున చేలు కౌలుకు పట్టి పత్తి వేసేవాళ్లు ఉన్నారు. 2022 జులైలో గోదావరి పొంగి మంచిర్యాల పట్టణంలోని కాలనీలనే ముంచెత్తింది. ఒడ్డున చేల సంగతి చెప్పేదేముంది? కొట్టుకుపోయిన విత్తనం, ఎరువు కౌలుదారువి. పట్టికలో పేరు పట్టాదారుది. సాయం అంటూ ఏదైనా వస్తే కంప్యూటర్ వెతికేది ఉన్న కాలమ్‌లోనే కానీ, లేని కాలమ్‌లో కాదు.

కాలమా... వేరే పట్టికా?

అయితే మళ్లీ కాస్తు కాలమ్ పెట్టేస్తే పోతుంది కదా! ఇక్కడే 1950 నాటి నీడ పడుతుంది. రికార్డులో కౌలుదారు పేరు ఎక్కితే భూమి పోతుందన్న భయం ఆసాములకు తాతల నాటిది. అందుకే చాలామంది కౌలు నోటిమాట మీదే ఇస్తారు. ఏటా మనిషిని మార్చేవాళ్లూ ఉన్నారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దీనికో దారి వెతికారు. భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. హక్కుల రికార్డు జోలికి పోలేదు. కౌలుదారుల వివరాలు వేరే నమోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టమూ అదే బాట. 11 నెలలకు ఒప్పంద పత్రం, భూమి మీద హక్కుతో సంబంధం లేదు. రెండుచోట్లా ఆసామి ఒప్పుకుని సంతకం పెట్టడమే కష్టమైంది, అది వేరే సంగతి.

విచిత్రం ఏమిటంటే డేటాబేస్ నేర్పే మాస్టార్లు కూడా అదే సలహా ఇస్తారు. ఒక భూమికి ఒక్కడే పట్టాదారు ఉంటే అది కాలమ్. కౌలుదారు ఏటా మారతాడు, ఒక్కో సర్వే నంబరులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. అలాంటిదాన్ని ఒక గడిలో ఇరికించకూడదు. వేరే పట్టిక గీసి, సర్వే నంబరుతో ముడిపెట్టాలి. ఫలానా భూమి, ఫలానా ఏడు, ఫలానా మనిషి. అప్పుడు నిరుటి పేరు మీద ఈ ఏటి పేరు రుద్దాల్సిన పని లేదు. రెండూ ఉంటాయి. పట్వారీ ఏటేటా కొత్త పహాణీ పుస్తకం రాసి పాతది బీరువాలో పెట్టాడంటే చేసిందీ ఇదే!

భీమారంలో కొత్త వరస

2024 డిసెంబరులో శాసనసభ భూభారతి చట్టానికి ఆమోదం తెలిపింది. 2025 ఏప్రిల్ 14న పోర్టల్ మొదలైంది. ధరణి తెర పడింది. పాత పహాణీలో ముప్ఫైకి పైగా ఉన్న కాలమ్‌లను ధరణిలో ఒక్కదానికి కుదించారని, భూభారతిలో 11 ఉంటాయని ప్రభుత్వం చెప్పింది. ఊరి లెక్కలు, అంటే పహాణీ, ప్రభుత్వ భూముల రిజిస్టరు, మార్పుల రిజిస్టరు లాంటివి ఏటా రాయాలన్న నిబంధన చట్టంలో పెట్టారు. రాసే మనిషి కావాలి కాబట్టి గ్రామ పాలన అధికారులను నియమించారు. 2025 సెప్టెంబరులో వాళ్లకు నియామక పత్రాలు అందాయి.

చట్టం అమలును మొదట 4 మండలాల్లో, మే 5 నుంచి మరో 28 మండలాల్లో ప్రయోగాత్మకంగా చేశారు. మంచిర్యాల జిల్లా నుంచి ఎంపికైంది భీమారం. 2016లో పుట్టిన మండలం. తహసీల్దారు బృందాలు ఊళ్లకు వెళ్లి రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నాయి. ఇలాంటి సదస్సుల్లో వచ్చే అర్జీలు చదివితే కొత్తవేం ఉండవు. పేరు తప్పు పడింది. విస్తీర్ణం తగ్గింది. సర్వే నంబరు ఎక్కలేదు. నాన్న పోయి ఏళ్లవుతోంది, ఫౌతీ కాలేదు. సాదాబైనామా సంగతి ఏమైంది? ఒక్కో అర్జీ ఒక్కో గడి.

ఈ చట్టంతో చేరిన మరో కాలమ్ భూధార్. మనిషికి ఆధార్ ఉన్నట్టే ప్రతి కమతానికీ ఒక నంబరు. రికార్డును బట్టి ముందు తాత్కాలిక భూధార్ ఇస్తారు. కొలిచి, హద్దులు తేల్చి, అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేశాక శాశ్వత భూధార్. కేంద్రం కూడా 2021 నుంచి ఇలాగే 14 అక్షరాల కమతాల నంబరు ఇప్పిస్తోంది.

మిగతా కాలమ్‌లకూ దీనికీ ఒక తేడా ఉంది. ఆధార్‌ను అడిగి రాసుకున్నారు. ఖాతా నంబరు పాసుబుక్కు చూసి ఎక్కించారు. పుట్టిన తేదీ ఇంకో పట్టిక నుంచి తెచ్చారు. శాశ్వత భూధార్‌ను అలా ఎక్కడి నుంచీ తేలేరు. తెలంగాణలో నాలుగు వందలకు పైగా గ్రామాలకు అసలు నక్షాలే లేవు. ఉన్నచోట కూడా అవి నిజాం కాలం నాటి సర్వేవి. గొలుసులు పట్టి కొలిచిన లెక్కలు. నాటిన హద్దురాళ్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని ట్రాక్టరు నాగళ్లకు లేచిపోయాయో! దీని కోసమే లైసెన్సుడు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి సిద్ధం చేస్తున్నారు.

భీమారంలో ఒక సర్వే నంబరు వరసను అడ్డంగా చదివితే జిల్లా కాలమ్‌లో మంచిర్యాల, మండలం కాలమ్‌లో భీమారం, ఆ పక్కన ఖాతా నంబరు, పట్టాదారు పేరు, ఆధార్, విస్తీర్ణం వరసగా వస్తాయి. చివర శాశ్వత భూధార్ గడి. సర్వేయరు రోవర్ పట్టుకుని వచ్చి, అటు గట్టాయన, ఇటు గట్టాయన ఇద్దరూ ఉన్న రోజు చూసుకుని చేనులో దిగితే గానీ అందులో మొదటి అంకె పడదు.